వెనకబడ్డ మిత్రుణ్ణి ఎలా లాక్కురావాలి?

ప్రశ్న: సార్, మేం ఐదుగురు స్నేహితులం కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ పరిగెత్తుతున్నాం. ఎండలు ముదిరేకొద్దీ ఒకడు వెనకబడుతున్నాడు. ఎంత అరిచి ఉత్సాహపరిచినా మూడో రౌండుకే ఆగిపోతున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: ఆ అరుపులు చివరి రౌండుకు దాచుకోండి. మీ ఈవెంట్స్‌లోని 1600 మీటర్ల పరుగంటే 400 మీటర్ల ట్రాక్‌ మీద నాలుగు రౌండ్లు. పురుషులకు 8 నిమిషాల గడువు కాబట్టి రౌండుకు రెండు నిమిషాలు. మీవాడు మీ వేగం అందుకోవాలని మొదటి రౌండే ఒకటిన్నర నిమిషంలో ముగిస్తున్నాడేమో వాచీ పెట్టి చూడండి. అలసట అక్కడే మొదలవుతుంది. రోజుకొకరు వంతులేసుకుని అతని పక్కనే, మాట్లాడగలిగేంత వేగంతో పరిగెత్తండి. ముందునుంచి పిలిచే గొంతుకన్నా పక్కన వినిపించే అడుగుల చప్పుడు ధైర్యమిస్తుందని నా గట్టి నమ్మకం.

మార్చి దాటాక మీ సీమ ఎండ సంగతి మీకు చెప్పాలా! ఏడింటికల్లా ముగించండి. ఒళ్లు వేడికి అలవాటుపడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అందాకా దూరం పెంచొద్దు. పరుగుకు ముందు నీళ్లు, తర్వాత ఉప్పేసిన మజ్జిగ తాగండి. తల తిరుగుతోందంటే మాత్రం "ఇంకొక్క రౌండురా" అనకండి, నీడలో కూర్చోబెట్టండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లంతా తడుపుతూ గాలి విసరండి.