మల్బరీ పుల్ల, సున్నం: పెంపకపు గదికి చల్లని గోడ



పట్టుపురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా అయిదవ దశలోనే తింటుంది. ఆ దశలో గదిలో వేడి 24-25 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. మాండవి, కిన్వట్ ప్రాంతంలో ఎండాకాలపు వేడి 40 డిగ్రీలు దాటుతుంది. రేకు గోడల షెడ్డులో పురుగు మేత తగ్గిస్తుంది, ఫ్లాచరీ రోగానికి లొంగుతుంది, గూడు పలచబడుతుంది. గుడ్లకు, కూలికి పెట్టిన ఖర్చంతా చివరి వారంలో పోతుంది. వేడిని ఆపే గోడను తక్కువ ఖర్చుతో కట్టే ఒక పద్ధతిని ఇక్కడ తెలుపుతున్నాము.

పుల్లల కాంక్రీటు అంటే ఏమిటి?

కంకర, ఇసుకలకు బదులు మొక్కల కాండం ముక్కలను సున్నంతో కలిపి కట్టే గోడ ఇది. ముక్కల్లోను, వాటి మధ్యన గాలి నిలుస్తుంది కనుక వేడి త్వరగా లోపలికి రాదు. ఫ్రాన్సు దేశంలో 1980ల నుండి నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క కాండంతో ఇటువంటి గోడలు కడుతున్నారు.

ఈ తెలివి మన మరాఠ్వాడాకు కొత్త కాదు. ఎల్లోరా బౌద్ధ గుహల మట్టిపూతలో గంజాయి మొక్క ముక్కలు కలిపినట్లు పరిశోధకులు రాజ్‌దేవ్ సింగ్, మిలింద్ సర్దేశాయి 2016లో ప్రకటించారు. ఆ పూత సుమారు 1,500 ఏళ్ళుగా నిలిచి ఉంది.

అయితే గంజాయి విత్తవద్దు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడం నేరం. దాని అవసరం కూడా లేదు. మల్బరీ కత్తిరింపు పుల్లలు, పత్తి కట్టె, కంది కట్టె, నార తీసిన జనుము పుల్ల మీ వద్దనే ఉన్నాయి.

సిమెంటు ఎందుకు వద్దు?

పచ్చి కాండంలోని చక్కెరలు నీటిలోకి దిగి సిమెంటు గట్టిపడకుండా అడ్డుకుంటాయి. పైగా సిమెంటు తయారీకి సుమారు 1,450 డిగ్రీల వేడి కావాలి. సున్నానికి 900 డిగ్రీలు చాలు. కాల్చేటప్పుడు సున్నపురాయి నుండి వెళ్ళిన బొగ్గుపులుసు వాయువును సున్నం గోడలో ఆరుతూ చాలావరకు తిరిగి పీల్చుకుని, మళ్ళీ రాయిగా మారుతుంది. పురుగులు జ్వరానికి పోయినప్పుడు పడకపై మీరు చల్లే సున్నమే ఇది. దాని క్షార గుణం బూజును, పురుగును దూరంగా ఉంచుతుంది.

ఉత్త సున్నం గాలి తగిలినచోటే గట్టిపడుతుంది. గోడ లోపల కూడా పట్టు రావాలంటే మెత్తని ఇటుక పొడి (సుర్ఖీ) గాని, వరిపొట్టు బూడిద గాని కలపాలి.

చేసే విధానం

1. పుల్లలను బాగా ఎండబెట్టి, అంగుళంలోపు ముక్కలుగా నరికి, దుమ్ము జల్లించాలి.
2. విచ్చిన సున్నపు పొడి 2 పాళ్ళు, ఇటుక పొడి 1 పాలు కలపాలి.
3. ఈ పొడి 1 డబ్బాకు, పుల్లల ముక్కలు 4 డబ్బాలు, నీరు సుమారు 1 డబ్బా. పిడికిట పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారరాదు.
4. ముందుగా ఇటుక అచ్చులో నాలుగు దిమ్మెలు పోసి, నీడన నెలరోజులు ఆరనివ్వండి. అంచులు రాలకుండా, బూజు పట్టకుండా ఉంటేనే గోడకు పూనుకోండి. రాలితే సున్నం పాలు పెంచి మళ్ళీ పోసి చూడండి.
5. స్తంభాల మధ్య పలకలు బిగించి, అడుగు మందాన, పొరలు పొరలుగా పోసి తేలికగా అదమాలి. గట్టిగా దిమ్మిస కొడితే గాలి పోయి, ప్రయోజనం పోతుంది.

తప్పనిసరి జాగ్రత్తలు

ఈ గోడ బరువు మోయదు. కప్పు బరువును కర్ర, రాతి లేక ఇనుప స్తంభాలే మోయాలి. గోడ అడుగున రెండడుగుల రాతి కట్టడం, పైన వెడల్పయిన చూరు ఉండాలి.

పురుగుల పడకల నుండి తీసిన పుల్లలు వాడవద్దు. వాటిలో పాలరోగం, సున్నపుకట్టు రోగం క్రిములు ఉండవచ్చు. తోటలో కత్తిరించిన శుభ్రమైన పుల్లలనే తీసుకోవాలి.

దసరా తరువాత పని మొదలుపెట్టండి. గోడ ఆరడానికి ఆరు వారాలకు పైగా పడుతుంది. తడి గోడల గదిలో పురుగులు పెడితే సున్నపుకట్టు రోగాన్ని పిలిచినట్లే. పూర్తిగా ఆరిన తరువాత రెండు పక్కలా సున్నపు పూత నున్నగా వేయాలి. అప్పుడే ప్రతి పంటకు ముందు బ్లీచింగ్ ద్రావణంతో క్రిమిశుద్ధి చేయవచ్చు. సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని పుల్ల కుళ్ళుతుంది.

సున్నం విచ్చేటప్పుడు పొంగి కాలుస్తుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వాడండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీటితో కడిగి, డాక్టరు వద్దకు వెళ్ళండి.

గోడ ఒక్కటే వేడిని పూర్తిగా ఆపదు. రేకు కప్పుపై గడ్డి పరచి, గాలికి కిటికీలు ఉంచి, వాటికి ఊజీ ఈగ రాకుండా వల కట్టండి. మొదట ఎండ ఎక్కువగా తగిలే పడమటి గోడ ఒక్కటి కట్టి చూడండి. ఒక పంటకాలం గదిలో ఉష్ణమాపకం వ్రేలాడదీసి, మధ్యాహ్నపు వేడిని రోజూ వ్రాసుకోండి. ఆ లెక్క చూసుకుని మిగిలిన గోడల సంగతి నిర్ణయించుకోండి.