ఇంటి మూలికల తేనీరు: వైద్యుని సమాధానములు

ఈ పర్యాయము అందిన లేఖలలో పెక్కు ఒకే విషయమును గూర్చినవి యగుటచేత వానినన్నిటిని ఒకచోట చేర్చి సమాధానములు వ్రాయుచున్నాను. తులసి, పుదీనా, నిమ్మగడ్డి, శొంఠి, బత్తాయితొక్క, ఎండుపండ్ల ముక్కలు మొదలగువానిని ఇంటనే సిద్ధపరచుకొని వేడినీటిలో వేసికొని త్రాగు అలవాటు మన పట్టణములలో వ్యాపించుట నాకు సంతోషకరమే. అయినను ఈ పానీయము మేలు చేయుటయు కీడు చేయుటయు, ఏ దినుసు ఎంత కలిపితిమను దానికంటె, ఎంత శ్రద్ధతో ఎండబెట్టితిమి, ఎవరు త్రాగుచున్నారు అను రెండు సంగతులపైననే ఎక్కువగా ఆధారపడియున్నదని పాఠకులు గ్రహింపవలెనని నా కోరిక.

ప్రశ్న: పెరటిలోని నిమ్మగడ్డి, పుదీనా, మందారపూలు ఎండబెట్టి, ఎండిన ఆపిల్ ముక్కలు, బత్తాయి తొక్కలు కలిపి ఒక పెద్ద గాజుసీసాలో పోసి ఉంచాను. మూడు వారాల తరువాత మూత తీస్తే ముక్కిన వాసన వచ్చింది. ఆపిల్ ముక్కల మీద అక్కడక్కడ తెల్లని నూగు కనిపించింది. ఆ ముక్కలు ఏరి పారవేసి, మిగిలినది మళ్ళీ ఎండలో పెట్టి వాడుకోవచ్చునా? ఎలాగూ మరిగే నీళ్ళే పోస్తాము కదా!
(ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: వాడుకొనగూడదమ్మా. సీసాలోనిదంతయు పారవేయుడు. కంటికి కనబడు నూగు బూజులో ఒక భాగము మాత్రమే. దాని సన్నని పోగులు కనబడకుండ చుట్టునున్న ఆకులలోనికిని ప్రాకియుండును. బూజులన్నియు విషమును పుట్టింపవు గాని, ఆస్పర్జిల్లస్ జాతికి చెందిన కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అను విషపదార్థమును స్రవించును. అది కాలేయమునకు హాని చేయుటయే గాక, దీర్ఘకాలము దేహమున చేరిన యెడల కాలేయమున క్యాన్సర్ పుట్టించుననియు నిర్ధారణ యైనది. మరుగు నీటి వేడిమికి బూజు చచ్చునేమో గాని ఆ విషము నశింపదు. ఏ బూజు ఎట్టిదో చూచి చెప్పుట నాకును సాధ్యము కాదు, మీకును సాధ్యము కాదు. కావున ఇచ్చట పొదుపునకు తావులేదు.

ఇట్లెందుకు జరిగెనో తెలిసికొన్న యెడల ఇకముందు జరుగకుండ చూచుకొనవచ్చును. నలిపిన పొడియగునట్లు ఎండిన ఆకులో తేమ నూటికి పది పాళ్ళకు మించదు. తినుటకు ఇంపుగా, మెత్తగా, సాగునట్లుండు ఎండుపండులోనో, అది పదునైదు ఇరువది పాళ్ళ వరకును ఉండును. విడివిడిగా నున్నప్పుడు రెండును చెడవు. పండులోని తేమను దాని చక్కెర పట్టియుంచును, ఆకులో పట్టియుంచవలసినంత తేమయే లేదు. కాని ఆ రెండింటిని మూతబిగించిన ఒక సీసాలో చేర్చినంతనే పండులోని చెమ్మ మెల్లమెల్లగా ఆకునకు సంక్రమించుటకు ఆరంభించును. పెళపెళలాడు ఆకు రెండు వారములలో వడలిన దానివలె మెత్తబడును. బూజు మొలచుటకు కావలసిన చెమ్మ సీసా అంతటను పరచుకొనును. మీరు ఎండబెట్టుటలో లోపము చేసితిరని నేననను. ఎండుటలో ఈడు కుదరని రెండింటిని ఒకచోట నిలువ చేయుటయే లోపము. మన పెద్దలు మామిడి ఒరుగులను ఉప్పు పట్టించి, వంచిన పుటుక్కున విరుగునంతవరకు నడివేసవి ఎండలో పెట్టుట వట్టి ఆచారము కాదు. తేనీటికి ఉద్దేశించిన పండు కూడ ఆ ఒరుగువలెనే విరుగవలెను.

ఆకులను మంచు ఆరిన పిమ్మట ఉదయముననే కోసి, కడిగి, నీరు విదిల్చి, పలుచని గుడ్డమీద ఒక్క వరుసగా పరచి, గాలి చక్కగా తగులు నీడలో ఆరబెట్టుడు. ప్రచండమైన ఎండ ఆకు రంగును, పరిమళమునకు మూలమైన తైలమును హరించును. ఆకు నలిపిన పొడి కావలెను, కాడ విరిచిన చప్పుడు కావలెను. మందారమునకు నడిమి కాడను, అడుగున పచ్చని తొడిమను తీసివేసి రేకులు మాత్రమే ఎండబెట్టుట మంచిది. పూలకొట్టులో కొన్న గులాబీలను మాత్రము వాడవలదు. అవి కంటికింపుగ నుండుటకై పురుగుమందులు చల్లి పెంచినవి, తినుటకై పెంచినవి కావు. పండ్లను మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున సమానముగ కోయవలెను. మందముగ కోసిన ముక్క పైన ఎండి లోపల పచ్చిగ నిలుచును. బత్తాయి తొక్కను గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి, లోపలి తెల్లని పొరను గీకివేసిన చేదు తగ్గును, త్వరగ ఎండును. మీ గోదావరీతీరమున గాలిలో తేమ అధికము కావున ప్రొద్దు క్రుంకకమునుపే పళ్ళెములను ఇంటిలోనికి తెచ్చుకొనవలెను. లేనిచో పగలు పోయిన చెమ్మ రాత్రి మరల చేరును. అనంతపురము వంటి పొడిసీమలో ఈ బాధ స్వల్పము. ఎండబెట్టు విద్యుత్ యంత్రము కలవారు ఆకులకు 35 నుండి 40 డిగ్రీల సెంటీగ్రేడు, పండ్లకు 55 నుండి 60 డిగ్రీల వేడిమి పెట్టుకొనవచ్చును. ఆషాఢ శ్రావణములలో యంత్రము లేనివారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

ఎండినవని తోచిన పిదప ఒక్కొక్క దినుసును వేరువేరు సీసాలలో పోసి, వారము దినములు ప్రతిదినమును పరిశీలింపుడు. సీసా లోపలి గోడను ఆవిరి పట్టినను, ముక్కలు ఒకదానికొకటి అంటుకొనినను మరల ఎండబెట్టవలెను. ఈ పరీక్షలో నెగ్గినవానికే శాశ్వతముగ మూత బిగింపుడు. పేరును, తేదీని వ్రాసి అంటింపుడు. పొయ్యిగట్టునకును కిటికీ వెలుగునకును దూరముగ ఉంచుడు. కలుపుట యన్నది త్రాగబోవు గిన్నెలోనే జరుగవలెను, తప్పినచో వారమునకు సరిపడునంత మాత్రమే కలుపుకొనవలెను.

ప్రశ్న: ఈ మిశ్రమాన్ని మరిగించాలా, వేడినీటిలో నానబెట్టాలా? ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతున్నారు.
(ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు)

జవాబు: ఇరువురు చెప్పినదియు నిజమే, దినుసును బట్టి విధానము మారును. ఆయుర్వేదమున చెప్పిన ఐదు కషాయకల్పనలలో వేడినీటిలో నానవేసి వడగట్టునది ఫాంటము, నీటిలో కాచి ఇగిర్చునది క్వాథము, చల్లని నీటిలో రాత్రియంతయు నానవేయునది హిమము. సుకుమారమైన ఆకులకును పూలకును ఫాంటమే తగినది: మరిగిన నీటిని పొయ్యినుండి దించి వానిపై పోసి, మూతపెట్టి, ఐదారు నిమిషములుంచి వడగట్టవలెను. మూత పెట్టుట మరువకుడు, ఏలయన పరిమళ తైలము ఆవిరితో ఎగిరిపోవును. శొంఠి, దాల్చినచెక్క, ధనియాలు మొదలగు గట్టి దినుసులు కచ్చాపచ్చాగ దంచి పది నిమిషములు సన్నని సెగపై కాచినగాని సారము దిగదు. అందుచేత మొదట వీనిని కాచి, దించిన తరువాత ఆకులు వేసి మూతపెట్టుట ఉత్తమమైన పద్ధతి. హిమము చేయగోరువారు కాచి చల్లార్చిన నీటిని వాడి, పాత్రను రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. ఎండిన మూలికలపై సూక్ష్మజీవులుండుట సహజము, మన వేసవి రాత్రులలో అవి బయట నుంచిన నీటిలో వేగముగ వృద్ధి పొందును.

కొత్తగా మొదలిడువారికి నేను చెప్పెడు పాళ్ళు ఇవి: నిమ్మగడ్డి రెండు పాళ్ళు, పుదీనా ఒక పాలు, బత్తాయితొక్క అర పాలు, శొంఠి ముక్క చిటికెడు. గిన్నెడు నీటికి ఈ మిశ్రమము ఒక చెమ్చాడు చాలును. పిల్లలున్న ఇంట శంఖపుష్పము రేకులు నాలుగు చేర్చిచూడుడు. ఆ నీలి కషాయమున నిమ్మరసము పడగనే ఊదారంగు తిరుగుట వారికి ఎంతయో వేడుక. అయితే ఏ పానీయమైనను పొగలు గ్రక్కుచుండగ త్రాగవలదు. 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగు పానీయములు అన్నవాహికకు క్యాన్సర్ కలిగించు అవకాశము కలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది.

ప్రశ్న: నాకు రక్తపోటు ఉన్నది, రోజూ మాత్రలు వేసుకుంటాను. చక్కెర మానేసి, తీపి కోసం తేనీటిలో అతిమధురం వేసుకుంటున్నాను. ఎర్ర గోంగూర కాయల తొడుగులు రక్తపోటు తగ్గిస్తాయని విని వాటినీ కలుపుతున్నాను.
(ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాదు)

జవాబు: అతిమధురమును నేటినుండియే మానివేయుడు. దానిలోని గ్లైసిరైజిన్ అను ద్రవ్యము మూత్రపిండములలో కార్టిసాల్ అను హార్మోనును నిర్వీర్యము చేయు ఎంజైమును అడ్డగించును. ఆ కార్టిసాల్ దేహమున ఉప్పును నీటిని నిలుపు హార్మోను చేయు పనిని తాను చేయబూనును. ఫలితముగ రక్తపోటు పెరుగును, పొటాషియము మూత్రముతో వెడలిపోవును. మూత్రమును జారీచేయు మాత్రలు కూడ తీసికొనువారికి ఈ పొటాషియపు నష్టము ద్విగుణమై గుండె లయ తప్పు ప్రమాదము కలదు. మీ వైద్యునితో ఈ సంగతి చెప్పి ఒకసారి రక్తమున పొటాషియము పరీక్ష చేయించుకొనుడు. గొంతునొప్పికి ఒకనాడు చిన్న ముక్క నమలుట వేరు, ప్రతిదినము కాచి త్రాగుట వేరు.

ఇక ఎర్ర గోంగూర తొడుగుల విషయము. పువ్వు రాలిన పిమ్మట కాయను చుట్టియుండు ఆ కెంపురంగు తొడుగుల కషాయము ఈజిప్టు, సూడాన్ దేశములలో నిత్యపానీయము. రోజునకు మూడు గిన్నెల చొప్పున ఆరు వారములు త్రాగినవారికి పై రక్తపోటు సగటున ఏడు మిల్లీమీటర్ల వరకు తగ్గినట్లు అమెరికాలో 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనము తెలుపుచున్నది. మీరు దానిని ఒక గిన్నె త్రాగవచ్చును, కాని మాత్రలు తగ్గించుటకు అది కారణము కారాదు. నిలుచున్నప్పుడు కన్నులు చీకట్లు క్రమ్మిన యెడల రక్తపోటు చూపించుకొనుడు. అది మిక్కిలి పులుపు గనుక త్రాగిన వెంటనే నోరు పుక్కిలింపుడు. పులుపు తగిలిన అరగంటలోపల పండ్లు తోముకొనిన యెడల మెత్తబడిన పంటిపింగాణి అరుగును.

ప్రశ్న: నాకు హిమోగ్లోబిన్ తొమ్మిది. టీ తాగితే ఇనుము పట్టదని చెప్పగా టీ మాని, భోజనం కాగానే పుదీనా తేనీటితో ఇనుము మాత్ర వేసుకుంటున్నాను. రెండు నెలలైనా మార్పు లేదు.
(ఒక విద్యార్థిని, వరంగల్లు)

జవాబు: అమ్మాయీ, నీవు టీ మానిన ఉద్దేశము మంచిది, కాని ఇనుమును అడ్డునది టీలోని కెఫీన్ కాదు, పాలీఫినాల్ అను ఒగరు ద్రవ్యములు. అవి పుదీనాలోను సమృద్ధిగ కలవు. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రొట్టెతోపాటు త్రాగిన పుదీనా కషాయము ఇనుము శోషణమును నూటికి 84 పాళ్ళు తగ్గించినది. నల్లని టీ చేసిన కీడునకు ఇది ఏమాత్రము తీసిపోదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌న నూటికి 58 మందికిని, తెలంగాణమున 57 మందికిని పైగా రక్తహీనత కనబడినది. అందుచేతనే ఈ చిన్న సంగతిని ఇంత నొక్కి చెప్పుచున్నాను. మాత్రను మంచినీటితోగాని నిమ్మరసముతోగాని మ్రింగుము. ఏ తేనీరైనను భోజనమునకును మాత్రకును రెండు గంటల ఎడముగ త్రాగుము. ఒక మాసము ఇట్లు చేసియు హిమోగ్లోబిన్ పెరుగకున్న, కారణము వెదకుటకు వైద్యుని చూడవలెను.

ప్రశ్న: మధుమేహానికి తంగేడు పూలు, దాల్చినచెక్క, బిళ్ళగన్నేరు ఆకు కలిపి ఎండబెట్టిన పొడి ఒకరు ఇచ్చారు. రుచికి ఎండుద్రాక్ష వేసుకోవచ్చునా?
(ఒక రైతు, నల్లగొండ)

జవాబు: ఆ పొడిని వాడవలదు. బిళ్ళగన్నేరునుండియే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అను క్యాన్సర్ ఔషధములు తీయబడినవి. ఆసుపత్రిలో మిల్లీగ్రాముల లెక్కన సూదిద్వారా ఇచ్చునప్పుడు సైతము ఆ జాతి మందులు నరములకును ఎముకల మజ్జకును హాని చేయకుండ వైద్యులు కనిపెట్టుచుండవలసి యున్నది. అట్టి ఆకును ఇంట కాచి త్రాగుట యుక్తము కాదు. బతుకమ్మకు శోభ తెచ్చు తంగేడు పువ్వు ఒక్కటే యైన యెడల మితముగ త్రాగుటకు నాకభ్యంతరము లేదు. చక్కెర తగ్గించు మాత్రలు వాడువారు మాత్రము చెమటలు, వణుకు వచ్చుచున్నవేమో గమనింపవలెను. అంగడిలో నేలతంగేడు అను పేర అమ్మునది సునాముఖి, తీవ్రమైన విరేచనకారి, రెండింటిని పొరబడకుడు. దాల్చినచెక్క చిన్న ముక్కకు దోషము లేదు గాని, అంగళ్ళలో విరివిగ దొరకు మందపు పట్టలో కాలేయమునకు సరిపడని కూమరిన్ ఎక్కువ. ఎండుద్రాక్ష వలదు, దానిలో నూరు గ్రాములకు అరువది గ్రాములు పైబడి చక్కెరయే.

ప్రశ్న: మా మనుమడికి నాలుగో నెల. కడుపునొప్పితో ఏడుస్తున్నాడని సోంపు, అనాసపువ్వు కాచిన నీరు తేనెతో పట్టమంటున్నారు.
(ఒక అమ్మమ్మ, విజయనగరం)

జవాబు: పట్టవలదమ్మా. ఆరు మాసములు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీటిచుక్కయు అక్కరలేదు. ఇతర ద్రవములతో కడుపు నిండిన బిడ్డ పాలు తక్కువ త్రాగి బరువు కోల్పోవును. అనాసపువ్వును పోలిన విషజాతి ఒకటి కలదు, ఎండిన పిదప రెండింటిని వేరుపరచుట దుష్కరము. అట్టి కషాయము త్రాగిన శిశువులకు మూర్ఛలు వచ్చినందున 2003లో అమెరికా ప్రభుత్వము హెచ్చరిక జారీచేసినది. తేనెలో బొట్యులిజం అను పక్షవాతరోగమును కలిగించు బీజములుండవచ్చును గనుక ఏడాది నిండనిదే నాలుకకు రాయనైనను రాయగూడదు. పాలు త్రాగిన పిమ్మట బిడ్డను భుజముపై నిలువుగ ఎత్తుకొని త్రేన్పు వచ్చువరకు వీపు నిమురుడు. ఏడ్పుతో జ్వరముగాని, పసరు వాంతిగాని, మలమున రక్తముగాని కనబడిన యెడల ఆ గంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు.