జూలూల వాడుక మాటలు

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన చెన్నపట్టణపు ఓడ 'ట్రూరో' దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అది మొదలు చెఱకుతోటల కూలికై ఒడంబడికపై పోయినవారిలో తెలుగువారును పెక్కండ్రు గలరు. అచ్చటి దేశీయుల భాష జూలూ.

ఆ భాషలో ఒకరినొకరు పలుకరించు మాట 'సావుబోనా'. మన ఘనపురపు పల్లెలలో 'సావు' అని చెవిని బడినంతనే ముఖము చిట్లింతుము. వారికి మాత్రము 'మేము నిన్ను చూచుచున్నాము' అని దాని భావము. పలువురిని పలుకరించునపుడు 'సానిబోనాని' యనవలెను. 'దొంగా' యనగా వాననీటి కోతవలన నేర్పడిన గండి. దానిని విని మన బాలురు నవ్వకుందురా! చెట్టునకును మందునకును వారికొక్కటే మాట, 'ఉముతి'. మన పసరుమందుల నెఱిగినవారికిది వింతగాదు. ఆశ్చర్యమునకు 'హాయిబో' యందురు. మన 'ఓరి నాయనో' వంటిది.

సెలవు పుచ్చుకొనువానితో 'హంబా కాహ్లే', క్షేమముగా పొమ్ము, అందురు. అతడు 'సాలా కాహ్లే', క్షేమముగా నుండుము, అని బదులు పలుకును. మన యిండ్లలో వట్టి 'పొమ్ము' అనరాదు. 'పోయి రమ్ము' అనియే చెప్పుదుము. ఆ యోడల నెక్కినవారును 'పోయి వత్తుము' అనియే చెప్పియుందురు. వారిలో పెక్కండ్రు తిరిగి రాలేదు.