పరదేశమున భాషాసహాయకుడు

మాతృభాషను మాట్లాడుటకు వేఱు గురువు అక్కఱలేదు; తల్లి ఒడియే చాలును. కాని ఆ భాషనే పరులకు నేర్పవలసి వచ్చినప్పుడు ఎంతటివానికైనను తడబాటు కలుగును. చిన్ననాటినుండి అప్రయత్నముగా పలుకుచున్న మాటకు కారణము చెప్పుమని యెవరైన అడిగినచో చప్పున సమాధానము తోచదు. ఈ తడబాటునే విద్యగా మార్చునట్టి ఏర్పాటొకటి ఐరోపా ఖండమున నూఱేండ్లకు పైగా నడచుచున్నది.

ఫ్రాన్సు, బ్రిటన్ దేశముల మధ్య ఇది 1905 ప్రాంతమున ఆరంభమైనది. ఒక దేశపు యువతీయువకులు రెండవ దేశమునకు పోయి, అచ్చటి పాఠశాలలలో తమ మాతృభాషను నేర్పుటకు తోడ్పడుదురు. వీరికే భాషాసహాయకులని పేరు. బ్రిటన్‌లో ఫ్రెంచి, జర్మను మున్నగు భాషలను ప్రధానముగా చదువు విశ్వవిద్యాలయ విద్యార్థులు సాధారణముగా నాలుగేండ్ల చదువులో మూడవయేడు పరదేశమున గడపుదురు. ఆ యేటిని గడపు మార్గములలో ఈ కొలువు ఒకటి.

ఫ్రాన్సులో ఈ కొలువు సాధారణముగా అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు 7 నెలలు సాగును. వారమునకు 12 గంటల బోధన. వ్యాకరణము చెప్పుట, పరీక్షలు పెట్టుట తరగతి ఉపాధ్యాయుని బాధ్యత. సహాయకుడు కొద్దిమంది పిల్లలను చేర్చుకొని సంభాషణ సాగించును, ఉచ్చారణను దిద్దును, తన దేశపు పండుగలను, ఆటలను, అలవాట్లను వర్ణించి వారిచేత మాట్లాడించును.

ఈ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. తప్పు పలికినచో తోడివారు నవ్వుదురేమో యను జంకుచే పిల్లలు పెదవి విప్పరు. సహాయకుడు ప్రశ్నించును, తరగతి మౌనము వహించును. అయితే వీధిలోనికి పోయినంతనే సహాయకుని స్థితియు అట్టిదే. అద్దెగది వెదకునప్పుడును, రొట్టెల అంగడిలో బేరమాడునప్పుడును తాను గ్రంథములలో చదివిన ఫ్రెంచి వేఱనియు, జనులు త్వరత్వరగా అక్షరములు మ్రింగుచు పలుకు ఫ్రెంచి వేఱనియు అతనికి తెలియవచ్చును. ఉదయము గురువైనవాడు సాయంకాలమునకు శిష్యుడగును. తానే తప్పు పలికి సిగ్గుపడినవానికి, తన యెదుట మౌనముగా కూర్చున్న బాలుని భయము చక్కగా బోధపడును. అప్పుడతని బోధనలో ఓర్పు ప్రవేశించును.

ఇందొక ప్రమాదము కలదు. ఒంటరితనమునకు వెఱచి, స్వదేశీయులతోనే కూడి, స్వభాషలోనే కాలక్షేపము చేసినచో నెలలన్నియు వృథాగా గడచిపోవును. దేశము మాఱినను భాష మాఱదు. పరభాషలో తప్పులు పలుకుటకు సాహసించినవానికే ఆ యేడు ఫలించును.

పరభాషాజ్ఞానము ఒక్కటియే ఇందలి లాభము కాదు. తప్పు చేయుటకు ఆంగ్లమున ‘మేక్’ అనియు, కర్తవ్యము చేయుటకు ‘డూ’ అనియు ఏల వాడవలెనని ఫ్రెంచి బాలుడు అడుగును. అతని భాషలో రెంటికిని ‘ఫేర్’ అను ఒక్క క్రియయే చాలును. ఆ ప్రశ్న వినువఱకు ఆంగ్లేయ సహాయకునికి అందొక విశేషమున్నట్లే తోచి యుండదు. తెలుగువారి సంగతియు ఇంతే. ఎదుటివానిని కలుపుకొన్నచో ‘మనము’, కలుపుకొననిచో ‘మేము’ అను భేదమును తెలుగు బిడ్డడు ఎవరును చెప్పకయే యెఱుగును. ఆంగ్లేయులును ఫ్రెంచివారును ఈ రెంటికి ఒక్క మాటతోనే సరిపెట్టుకొందురు. వారిలో నొకడు తెలుగు నేర్వవచ్చి యడిగిననాడే ఆ భేదపు సొగసు తెలుగువానికి కానవచ్చును.

ఇట్టి అనుభవము ఒక మహారచయిత జీవితమును మలుపు త్రిప్పినది. ఐర్లాండు దేశీయుడైన సామ్యూల్ బెకెట్ 1906లో జన్మించెను. డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో ఫ్రెంచి, ఇటాలియను భాషలను చదివి, 1928లో పారిస్ నగరమునకు పోయెను. అచ్చటి ప్రసిద్ధ విద్యాలయమగు ఎకోల్ నార్మాల్‌లో 1930 వఱకు ఆంగ్ల బోధకుడుగా ఉండెను. ఆ పదవిలో అతనికి ముందున్న థామస్ మెక్‌గ్రీవీ అతనిని జేమ్స్ జాయిస్ అను మహారచయితకు పరిచయము చేసెను. చూపు మందగించిన జాయిస్‌కు బెకెట్ గ్రంథములు చదివి వినిపించుచు, సాహిత్యసాధన యెట్టిదో కన్నులార చూచెను.

1930లో అతడు డబ్లిన్‌కు మరలి వచ్చి అధ్యాపకుడయ్యెను. కాని అచ్చట ఎక్కువకాలము నిలువలేదు. 1937లో పారిస్‌లోనే స్థిరపడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము తన ప్రధాన రచనలు పెక్కింటిని ఫ్రెంచి భాషలో సాగించెను. ఆ భాషలో శైలీవ్యామోహము లేకుండ వ్రాయుట తనకు సులభమని అతని యభిప్రాయము. మాతృభాషలో అలవాటైన పదబంధములు పిలువకయే వచ్చి వాలును. పరభాషలో ప్రతిపదమును ఏఱి తెచ్చుకొనవలెను. గోడో యనువాని కొఱకు ఇరువురు నిరీక్షించు కథగల అతని నాటకము 1953 జనవరి 5వ తేదీన పారిస్‌లో మొదట ప్రదర్శింపబడెను. దానిని ఆంగ్లమునకు అనువదించినవాడును బెకెట్టే. 1969లో అతనికి నోబెల్ సాహిత్య బహుమానము లభించెను.

పరభాష నేర్చినవాడు మాతృభాషకు దూరమగునని కొందఱు భయపడుదురు. బెకెట్ రెండు భాషలలోను రచించి, ఒకదానినుండి రెండవదానికి తన కృతులను తానే తెచ్చెను. భాషాసహాయకులందఱును మహారచయితలు కాకపోవచ్చును. అయినను పరుల ప్రశ్నకు సమాధానము వెదకుచు తన భాషను మరల నేర్చుకొను భాగ్యము ప్రతివానికిని దక్కును. నేర్పుటకై పోయినవాడు రెండు భాషలు నేర్చి వచ్చును. అందొకటి తన భాషయే.