చిన్న మాట.. అర్థాలు బోలెడు
పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ ఇంగ్లిష్

ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షల్లో ఒకేలా కనిపించే చిన్న పదాలపై ప్రశ్నలు తరచూ వస్తుంటాయి. ముఖ్యమైనవి ఇవీ:

• సెట్: అమర్చడం, గట్టిపడడం, సూర్యుడు అస్తమించడం.. ఇలా ఎన్నో. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో అతి పెద్ద వివరణ ఈ క్రియదే.

• లై: పడుకోవడమైతే లై–లే–లెయిన్, అబద్ధమాడడమైతే లై–లైడ్–లైడ్. ఏదైనా వస్తువును పెట్టడమైతే లే–లెయిడ్–లెయిడ్. ‘లే’ రెండు వరుసల్లోనూ ఉంది. ఎక్కువ తప్పులు ఇక్కడే.

• లూజ్, లూస్: ఒక ‘ఓ’ ఉంటే పోగొట్టుకోవడం, రెండు ఉంటే వదులు.

• లీడ్: నడిపించడం. భూతకాల రూపం ఎల్‌ఈడీ. ‘లీడ్’ స్పెల్లింగ్‌నే లెడ్ అని పలికితే సీసం. సంకేతం పీబీ, పరమాణు సంఖ్య 82.

• ప్రిన్సిపల్: చివర పీఏఎల్ ఉంటే కళాశాల అధిపతి, వడ్డీ లెక్కల్లో అసలు, పీఎల్ఈ ఉంటే సూత్రం, నియమం.

అర్థాలను విడిగా బట్టీ పట్టకండి. ప్రతి పదానికీ ఓ సొంత వాక్యం రాసుకోండి. పరీక్షలో వాక్యం మొత్తం చదివాకే జవాబు గుర్తించండి.