హిందుస్తానీ సంగీతము - ప్రథమ పాఠము

కన్నడనాట మఠములలో వచనగానము తరచుగా హిందుస్తానీ రాగములలో సాగును. తెలుగునాట పెరిగిన మన చెవికి త్యాగరాజ కృతులు పరిచితములు. ఉత్తరాది పద్ధతి అంతగా కాదు. అందుచేత మనలో పెక్కుమంది వచనార్థమును గ్రహించియు, గాయకుడు స్వరములతో చేయు వ్యాఖ్యానమును జారవిడుచుచున్నారు. ఆ లోటు కొంతయైనను తీరుటకు ఈ పద్ధతి మూలసూత్రములను ఇచట వివరింతుము.

స్వరములు: సప్తస్వరములు రెండు సంప్రదాయములకును సమానమే. షడ్జ పంచమములు చలింపవు. ఋషభ, గాంధార, ధైవత, నిషాదములకు శుద్ధమనియు, కోమలమనియు రెండేసి రూపములు గలవు. మధ్యమమునకు శుద్ధ, తీవ్ర రూపములు. ఈ విధముగా మొత్తము 12 స్వరస్థానములు. శుద్ధస్వరములను వరుసగా పాడినచో మన ధీరశంకరాభరణ మేళమగును. దానినే వారు బిలావల్ ఠాట్ అందురు. మనకు 72 మేళకర్తలుండగా, విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860-1936) హిందుస్తానీ రాగములను 10 ఠాట్‌లుగా వర్గీకరించెను. అవి బిలావల్, కల్యాణ్, ఖమాజ్, భైరవ్, పూర్వీ, మార్వా, కాఫీ, ఆసావరి, భైరవి, తోడి. పేర్లను చూచి భ్రమపడరాదు. మన హనుమతోడి స్వరములు వారి భైరవివి; వారి తోడి స్వరములు మన శుభపంతువరాళివి.

రాగము: స్వరముల వరుస మాత్రమే రాగము కాదు. భూపాలి, దేశ్‌కార్ అను రెండు రాగములును స, రి, గ, ప, ద అను ఐదు శుద్ధస్వరములతోనే ఏర్పడినవి. కాని భూపాలికి గాంధారము వాది, అనగా ప్రధానస్వరము. ధైవతము సంవాది, అనగా దానికి తోడునిలుచు స్వరము. దేశ్‌కార్‌కు ధైవతము వాది, గాంధారము సంవాది. అందుచే మొదటిది రాత్రి ప్రథమ ప్రహరమున శాంతముగా విస్తరిల్లును. రెండవది ప్రాతఃకాలమున పై స్వరములయందు మెరయును. ఏ స్వరమున నిలువవలెను, దేనిని తాకి విడువవలెను అను వివేకమే రాగజ్ఞానము. అది పుస్తకమువలన గాక, గురుముఖమున వినుటవలననే అలవడును.

తాళము: కాలమును కొలుచు ప్రమాణము మాత్ర. తీన్‌తాళ్‌కు 16 మాత్రలు, నాలుగేసి మాత్రల నాలుగు విభాగములు. మొదటి మాత్ర సమ్. తొమ్మిదవది ఖాళీ, అచట చప్పట్లకు మారుగా చేయి విసరుదురు. ఝప్‌తాళ్‌కు 10, ఏక్‌తాళ్‌కు 12, రూపక్‌కు 7 మాత్రలు. గాయకుడు ఎంతదూరము విహరించినను సమ్‌ను చేరుకొనవలెను. శ్రోత చేతితో మాత్రలు లెక్కించుచు ఆ కలయికకై ఎదురుచూచినచో కచేరీ రుచి తెలియును.

గానక్రమము: నేడు ఎక్కువగా వినబడునది ఖయాల్, దానికంటె ప్రాచీనమైనది ధ్రుపద్. ఖయాల్‌లో మొదట ఆలాపనతో రాగస్వరూపము చూపుదురు. పిదప విలంబిత లయలో బడా ఖయాల్, తరువాత ద్రుతలయలో ఛోటా ఖయాల్ పాడుదురు. రచనకు బందిష్ అని పేరు. స్థాయి, అంతర అను రెండు భాగములు దానికుండును. వేగముగా దొరలు స్వరపంక్తులే తానములు. ఆయా గురుపరంపరల బాణీలను ఘరానాలందురు.

ఈ విద్యకు మన సమాజమునకు గల సంబంధము మరువరానిది. హానగల్ కుమారస్వాముల ఆదరణమున పెరిగిన పంచాక్షరి గవాయి (1892-1944) అంధులు. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున వారును, వారి శిష్యులైన పుట్టరాజ గవాయి (1914-2010) గారును చూపులేని పిల్లలకు, పేదలకు అన్నముతోపాటు సంగీతవిద్యను ప్రసాదించిరి. పుట్టరాజ గవాయిగారును అంధులే. చదువుటకు కన్నులు లేనివారికి చెవియే గ్రంథమైనది; ఆ విద్యయే జీవనాధారమైనది. బసవరాజ రాజగురు ఆ గురుపరంపరలోని వారే. జైపూర్-అత్రౌలీ ఘరానాకు చెందిన మల్లికార్జున మన్సూర్ (1910-1992) ఖయాల్‌తో సమానముగా వచనములను గానము చేసిరి.

ఇచట ఒక విషయము ఆలోచింపదగినది. వచనము గద్యము, దానికి ముందుగా నియమింపబడిన తాళమును, రాగమును లేవు. గాయకునకు ఇది స్వేచ్ఛయు, పరీక్షయు. తానములకై పదమును నడుమ విరిచినచో శరణుని మాట వినువారికి చేరదు. భావమును విడిచి స్వరమును మాత్రమే ప్రదర్శించినచో అది కచేరీ యగును గాని వచనగానము కానేరదు. రాగమును నిర్లక్ష్యము చేసి కేవలము గొంతెత్తి పలికినను ఫలము లేదు. కావున వచనమును ముందు చదివి, అర్థము తెలిసికొని, విరామస్థానములు గుర్తించి, పిదపనే రాగమును ఎన్నుకొనవలెను.

పిల్లలకు నేర్పదలచిన తల్లిదండ్రులు తొందరపడి పాటలతో ప్రారంభింపరాదు. అనుదినము ప్రాతఃకాలమున తంబురా శ్రుతిలో షడ్జమును నిలుపుట, పిదప శుద్ధస్వరముల ఆరోహణావరోహణములు, చేతితో తీన్‌తాళ్ లెక్క - ఇవి మొదటి మెట్లు. స్వరము శ్రుతిలో కలిసిన క్షణమును పిల్లవాడు తానై గుర్తించినపుడు తొలిపాఠము ముగిసినట్లు గ్రహింపుడు. రాగప్రవేశము ఆ తరువాతనే.