ఊరి ఆరోగ్య కార్యకర్త - పరిశోధనలో ఆమె పాత్ర

పరిశోధన అనగానే మనకు ప్రయోగశాల, సూక్ష్మదర్శిని, తెల్లకోటు గుర్తుకొస్తాయి. కానీ ప్రజారోగ్య పరిశోధన చాలావరకు ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. ఆ గడప తొక్కగలిగేది మనకు బాగా తెలిసిన ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ అక్కలే. ఈ హాస్టల్‌లో చదువుకొని ఇప్పుడు పీజీ చేస్తున్న మేము, ఈ విషయాన్ని మేళ్లచెరువు తమ్ముళ్లకు వివరించాలనుకుంటున్నాం.

భాగస్వామ్య పరిశోధన అంటే?

ప్రజలను లెక్కపెట్టి వెళ్లిపోవడం సర్వే. ఏం తెలుసుకోవాలి, ఎలా అడగాలి, వచ్చిన ఫలితంతో ఏం చేయాలి అనే మూడింటిలోనూ ఊరివాళ్లకు చోటిస్తే అది భాగస్వామ్య పరిశోధన. ఇందులో శాస్త్రవేత్తకు, ఊరికి మధ్య వారధి ఆరోగ్య కార్యకర్త.

గోదావరి జిల్లాల ఉదాహరణ

మన పల్లెల్లో చాలా మరణాలు ఇంట్లోనే జరుగుతాయి. కారణం రాసే డాక్టరు ఉండడు. 2003-04లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ తదితర సంస్థలు కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక అధ్యయనం చేశాయి. శిక్షణ పొందిన బహుళార్థక ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను అడిగి రాసుకున్నారు. దీన్నే 'వెర్బల్ అటాప్సీ' అంటారు.

ఏడాదిలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 98 శాతం మరణాలకు ఈ విచారణ పూర్తయింది. గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధులు 32 శాతం, గాయాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం, అంటువ్యాధులు 12 శాతం అని తేలింది. బీపీ, గుండెపోటు పట్నపు జబ్బులనే నమ్మకం తప్పని రుజువైంది. దుఃఖంలో ఉన్న ఇంట్లో కూర్చొని ఓపికగా అడిగినవారు లేకపోతే ఈ అంకెలే లేవు.

ఆ తర్వాత పశ్చిమ గోదావరిలో 54 గ్రామాల్లో 'స్మార్ట్‌హెల్త్' ప్రయోగం జరిగింది. ఆశాలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, ప్రమాదం ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. అయితే 2019లో వెలువడిన ఫలితాల్లో బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్నిబట్టి మాకు అర్థమైంది ఇది: ఆశా ఎంత తిరిగినా, పీహెచ్‌సీలో డాక్టరు, మందులు నిలకడగా ఉండాలి. భారమంతా ఆమె ఒక్కతి మీద వేస్తే పని జరగదు.

గమనించవలసిన అంశాలు

1. నమ్మకం: ఇంటి గుట్టు ఆమెకు చెబుతారు. దాన్ని బయటపెట్టకపోవడం ఆమె ధర్మం.
2. అంగీకారం: వేలిముద్ర వేయించుకునే ముందు విషయం విడమర్చి చెప్పాలి. వద్దనే హక్కు ఉందనీ చెప్పాలి.
3. ప్రతిఫలం: ఆశాకు వచ్చేది జీతం కాదు, పారితోషికం. పరిశోధన పని అదనంగా చేయిస్తే అదనంగా చెల్లించాలి.
4. ఫలితం: తీసుకెళ్లిన సమాచారం తిరిగి ఊరికి చేరాలి.

ఈ నాలుగోది మనకు ముఖ్యం. 2016లో మేళ్లచెరువు సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది గానీ, అంతకుముందు మనది నల్లగొండే. ఫ్లోరైడ్ నీటిని పటికతో, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన పాత జిల్లా పేరే పెట్టారు. పుస్తకాల్లో పేరుంటే చాలదు. నీళ్ల నమూనా ఇచ్చిన ఇంటికి ఆ నీళ్లు తాగవచ్చో లేదో తెలియాలి.

తమ్ముళ్లారా! రేపు మీ ఇంటికి ఎవరైనా ఫారం పట్టుకొని వస్తే, అమ్మానాన్నలకు చదివి వినిపించండి. "ఫలితం మాకెప్పుడు చెబుతారు?" అని అడగండి. బాగా చదివి, ఆ ఫారం తయారుచేసేవారిలో మీరూ ఒకరు కావాలని కోరుకుంటున్నాం.